కాసులపేరు

నేను బోరుమనగానే అమ్మ మెడలోని కాసులపేరు తీసి దుకాణదారు చేతికిచ్చేసింది. నిన్న మార్కాపురంలో ఓ నగల షోరూమ్ అద్దాల వెనుక అలాంటిదే మెరుస్తుంటే ఆ రోజు కళ్ల ముందుకొచ్చింది.

అప్పుడు నాకు ఐదేళ్లు. కందులు అమ్మాక నాయన మమ్మల్ని పామూరులో నగల దుకాణానికి తీసుకెళ్లాడు.

“కాసులపేరు పెట్టుకో అక్కా, నీకు బాగుంటాది,” అన్నాడు దుకాణదారు. అమ్మ అది పెట్టుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

అమ్మకు పేరు మార్చేస్తున్నారనుకున్నాను. “వద్దుమా! నీకు రమణమ్మ పేరే ఉండనీ!” అని ఏడ్చాను.

“పేరంటే హారమే, పిచ్చిదానా!” నాయన పడిపడి నవ్వాడు.

“పోనీలే, రమణమ్మగానే ఉంటా,” అంటూ అమ్మ కొక్కెం విప్పింది. ఆ పూట నాకు పట్టీలు కొన్నారు.

తర్వాత అమ్మ ఈ ముచ్చట చెప్పి ఎందరినో నవ్వించింది. కాసులపేరు మాత్రం కొనుక్కోలేదు. నేను ఏడవకపోతే కొనేదా అని ఇంతవరకూ అడగలేదు.