ఏడో మనిషి

రోజూ పొద్దున్నే అమ్మను లేపి, మొహం తుడిచి, టీ గ్లాసు చేతికిచ్చేది ఆమె. ఇప్పుడు ఆ వేళకు కళ్లజోడు సంచిలో వేసుకుని శ్మశానం ఆఫీసుకు నడుస్తోంది. అమ్మను పూడ్చిన రోజు ఆమె దస్తూరి చూసి అక్కడి గుమాస్తా ముచ్చటపడ్డాడు.

"ఐదో క్లాసేనా? మావాడు డిగ్రీ చదివి కోడి కెలికినట్టు రాస్తాడమ్మా! ఈ చెదలు పట్టిన చావు లెక్కల పుస్తకాలు కాస్త ఎత్తి రాసిపెడుదురూ."

ఖాళీ మంచాన్ని చూస్తూ ఇంట్లో కూర్చోలేక ఒప్పుకుంది.

మూడో పుస్తకంలో మిల్లు గోడ కూలిన రోజు వచ్చింది. నలభై ఏళ్ల నాటి మాట. ఆరుగురు పోయారని ఊరంతా చెప్పుకునేదే. పుస్తకంలో మాత్రం ఏడుగురున్నారు. ఏడో మనిషికి పేరు లేదు. "ఎడమ చేతికి ఆరు వేళ్లు. చొక్కా మోచేతికి ఆకుపచ్చ దారంతో అతుకు."

ఆమె కలం ఆగిపోయింది. నాన్నకూ ఎడమ చేతికి ఆరు వేళ్లే. నాన్న పని వెతుక్కుంటూ వెళ్లి తిరిగి రాని రోజది. ఎవతెతోనో రైలెక్కుతుంటే చూశానని బాబాయి ఒట్టేసి చెప్పాడు. "తెల్లదారం అయిపోయి పచ్చది వేశానే. ఆ చొక్కాకే అలిగాడేమో" అని అమ్మ పోయేదాకా తనను తనే తిట్టుకుంది.

చివరి గడిలో, శవాన్ని చూసి తెలియని మనిషని చెప్పినవారి సంతకం. గాలంలా వంకర తిరిగిన ఆ తోక ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తన ప్రోగ్రెస్ కార్డుల మీద పడినదదే. బాబాయిది. ఆ గోడ కట్టించిన మేస్త్రీ కూడా ఆయనే.

ఇంటికొచ్చేసరికి, రెండేళ్లుగా ఆమె దగ్గరే ఉంటున్న బాబాయి పేపరు తిరగేస్తున్నాడు.

"వచ్చావా అమ్మడూ? పోయినోళ్లందరికీ హాజరు వేశావా?"

"ఒకాయన మిగిలాడు బాబాయ్. ఎడమ చేతికి ఆరు వేళ్లు. నీకు తెలీదని రాసుంది."

పేపరు ఒళ్లోకి జారింది.

"గోడలో ఇసుక ఎక్కువ కలిపానని మీ అమ్మకొక్కదానికే తెలుసు. మొగుడు దాని కిందే పోయాడంటే ఊరుకుంటుందా? నేను జైలుకెళ్తే మీకు అన్నం ఎవరు పెట్టేవారే?"

"పెట్టావు, కాదన్లేదు. దారం రంగు తలుచుకుని అమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఓదార్చావు కూడా. పోయే ముందైనా అమ్మ చెవిలో ఒక్క మాట వేయలేకపోయావా?"

బాబాయి ఒళ్లోని పేపరు మడతపెట్టడం మొదలెట్టాడు.

పెరట్లో బకెట్ నిండా నానబెట్టిన బట్టలున్నాయి. తన చీరలు, దుప్పట్లు ఒక్కొక్కటే ఉతికి, పిండి, తీగ మీద ఆరేసింది. అడుగున బాబాయి చొక్కాలు మూడు సబ్బునీళ్లలో మిగిలాయి. వాటిని అలాగే వదిలేసి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.