కలరా ఉండల మహారాణి

మహారాణి అన్నది ఆమె పేరు కాదు, వీధి పెట్టిన పేరు. ఆమె నడిపేది అద్దె బట్టల దుకాణం. అందులో ముదురెరుపు మఖమల్‌తో కుట్టిన మహారాణి వేషం ఒకటి ఉండేది. నాటకాలవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి ఒక సాయంత్రం మహారాణులై, మర్నాడు తిరిగిచ్చేసి మామూలు మనుషులయ్యేవారు. ఈమె మాత్రం ఆ వేషం ఒంటికి తగిలించుకోకుండానే జన్మంతా మహారాణిగా వెలగబెట్టింది.

ఉద్యోగం ఇంటర్వ్యూకి కోటు కావాలని వచ్చిన కుర్రాడిని ఎగాదిగా చూసి, "కోటు సరే, లోపల మనిషి సంగతేమిటి?" అనేది. పట్టా పుచ్చుకునేందుకు నల్లగౌను అద్దెకు తీసుకునే విద్యార్థులన్నా, పెళ్ళి సూటు భుజాల దగ్గర బిగిసిందనే పెళ్ళికొడుకులన్నా ఆమెకు పూచికపుల్లతో సమానం. భర్త ఉండేవాడు. నోరు తెరవకుండా బతికి, నోరు తెరవకుండానే పోయాడు. బహుశా ఆ ఇంట్లో బాగుపడింది ఆయనొక్కడే.

ఆమె దృష్టిలో కాస్త గౌరవించదగ్గ ప్రాణి ఒకటే, బట్టల్ని కొరికే పురుగు. అది శత్రువు గనక. దాని మీద యుద్ధం ఆమెకు తండ్రి నుంచి సంక్రమించింది. ఆయన నేర్పిన సూత్రాలు రెండు. ఉన్నికి నీళ్ళు తగలకూడదు, దులిపితే చాలు. ప్రతి జేబులో, ప్రతి చేతి మడతలో కలరా ఉండలు ఉండాలి. ఏడాదికోసారి పాత ఉండలు తీసేసి కొత్తవి పోసేవారు. ఆ రోజు వీధి మలుపులోనే జనానికి కళ్ళు మండేవి. ఎవరైనా ముక్కు మూసుకుంటే, "అది శుభ్రత వాసన. మీకు అలవాటు లేదు పాపం" అనేది. బట్టలు అద్దెకిచ్చేటప్పుడు ఆమె చివరి మాట కూడా ఎప్పుడూ ఒకటే: "ఉతికి నాశనం చెయ్యకండి. దులిపి తెచ్చివ్వండి, చాలు."

ఆమెకొక తమ్ముడు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే కామెర్లొచ్చి చావు తప్పించుకున్నాడు. ఆ తర్వాత కూడా కళ్ళల్లో ఎప్పుడూ కాస్త పసుపు తేలేది కాబట్టి పచ్చకళ్ళోడయ్యాడు. పెద్దయ్యాక అక్కతోపాటు అతన్నీ తండ్రి దుకాణంలోనే పెట్టాడు. ఉండలు మార్చే రోజు వచ్చిందంటే చాలు, ఆ ఒకటి రెండు రోజుల్లో తమ్ముడు మంచం ఎక్కేవాడు. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు పసుపు, మూత్రం చిక్కటి డికాషన్ రంగు. పనంతా అక్క మీద పడేది.

"అక్కా, ఒళ్ళు లేవట్లేదే" అనేవాడు.

"ఒళ్ళు లేవక కాదురా, ఒళ్ళు వంగక. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు."

తండ్రి చనిపోయిన ఏడాది కూడా అదే తంతు జరిగింది. ఆమె అతని సంచీని నిండు దుకాణంలో గుమ్మం బయటికి విసిరేసింది. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందట. నీకు పనంటేనే విషంలా కనబడుతుంది. ఫో" అంది. బట్టల కోసం వచ్చినవాళ్ళు నవ్వారు. అతను సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళి ఇళ్ళకు కప్పులు వేసే మేస్త్రీ అయ్యాడు. ఎండలో సిమెంటు బస్తాలు భుజాన మోసుకుని నిచ్చెనలెక్కాడు. ఏళ్ళు గడిచినా మళ్ళీ మంచం ఎక్కలేదు. బద్ధకస్తుడు బస్తాలెలా మోస్తున్నాడని మనలాంటి వాళ్ళమైతే ఒక్కసారైనా అనుకుంటాం. ఆమె అనుకోలేదు. "చూశారా, నా దగ్గరే వాడి నాటకాలు" అంది. ఎదురుగా ఉన్న నిజాన్ని తన కొలతకు కత్తిరించి కుట్టుకోవడంలో ఆమెను మించిన దర్జీ లేడు.

ఇక కూతురు. తల్లి మాటకు ఎదురు చెప్పడం ఆ పిల్లకు రాదు. చేసిన ఒకే ఒక్క ఎదురు పని, బస్సు డిపోలో మెకానిక్‌ని ఇష్టపడి పెళ్ళి చేసుకోవడం. అత్తగారు అతనికి గ్రీజు అల్లుడని పేరు పెట్టింది. అతను చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటే, "ఆ గోళ్ళు చూడు, మళ్ళీ కడుక్కో" అనేది. అతను లేచి మళ్ళీ కడుక్కునేవాడు.

కూతురికి కొడుకు పుట్టాడు. బాలింతనీ బిడ్డనీ దుకాణం మీది తన ఇంటికి తెచ్చుకుంది మహారాణి. మనవణ్ణి చూసి కరిగిపోయిందా అంటే, కరిగిపోయింది. ఆ మాట ఒప్పుకోవాలి. కరిగిపోయి, రేకుపెట్టె అడుగు నుంచి తమ వంశపు ఉన్నిదుప్పటి బయటికి తీసింది. తండ్రి కొన్న దుప్పటి అది. తమ్ముణ్ణి అందులోనే చుట్టారు, తర్వాత కూతుర్నీ అందులోనే చుట్టారు. అడుగున, మడతల్లో, అంచుల్లో కలరా ఉండలు గులకరాళ్ళలా దొర్లాయి.

"ఇన్నేళ్ళయినా ఒక్క చిల్లు చూపించండి" అంది ఎవరూ అడక్కుండానే.

"అమ్మా, వాసన ఘాటుగా ఉంది. ఒక్కసారి ఉతుకుదామా?" అంది కూతురు.

"ఉన్నిని ఉతుకుతారుటే? నీ మొగుడి డిపో బట్టలనుకున్నావా?"

కిటికీలోంచి దుప్పటిని రెండుసార్లు దులిపింది. బిడ్డ ఒంటికి నూనె రాసి, ముక్కు దాకా వెచ్చగా చుట్టి పడుకోబెట్టింది.

బిడ్డ పసుపెక్కాడు. "పుట్టిన పిల్లలందరూ పసుపెక్కుతారు, ఎండలో పెడితే పోతుంది" అంది. పోలేదు. బిడ్డ పాలు తాగడం మానేశాడు. ఏడుపు సన్నబడింది. పక్కగుడ్డ మీద మరక టీ ఒలికినట్టు పడింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన అల్లుడు ఆ గుడ్డ చూశాడు. ఆ ఒక్కసారి మాత్రం చేతులు కడుక్కోకుండా బిడ్డను ఎత్తుకుని, దుప్పటితో సహా ఆస్పత్రికి పరిగెత్తాడు.

అక్కడి పిల్లల డాక్టరు చిన్న వయసు మనిషి. ఆమె తెల్లకోటు నలిగి ఉందనీ, చేతి అంచు కుట్టు ఊడిందనీ మహారాణి వెంటనే గమనించింది. ఆమె చెప్పే మాటల్ని మాత్రం అంత శ్రద్ధగా వినలేదు.

"బాబు రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతున్నాయి" అంది డాక్టరు. "ఎందుకో తెలియాలి. ఏమైనా మందులు పోశారా? ఫినాయిలు, పురుగుమందు, కలరా ఉండలు, అలాంటివేమైనా బాబు దగ్గర పెట్టారా?"

కూతురు నోరు తెరిచింది. తల్లి అందుకుంది.

"మా ఇంట్లో ఉన్నంత శుభ్రం మీ ఆస్పత్రిలో కూడా ఉండదు. అంటుకుంటే వీడి నాన్న డిపో నుంచే ఏదో అంటుకుని ఉంటుంది. ఆ రక్తమే అలాంటిది."

కలరా ఉండలన్న మాట ఆమె వినకపోలేదు. వింది. కానీ తన దుకాణం పరువు తీసుకెళ్ళి ఎవరో కుట్టూడిన కోటు ముందు పెట్టడమా? కూతురు అలవాటు ప్రకారం నోరు మూసుకుంది. అల్లుడికి అది ఆ ఇంటి వాసనే తప్ప, దుప్పట్లో ఉండల సంగతి తెలియదు. దుకాణంలోకి అతన్నెప్పుడు అడుగుపెట్టనిచ్చింది కనక?

రక్తం ఎక్కించారు. బిడ్డ పెదాలకు కాస్త రంగొచ్చింది. మర్నాటికి మళ్ళీ పాలిపోయాడు. ఎందుకు పాలిపోడు? నర్సు కప్పిన నూలు దుప్పటిని అమ్మమ్మ పక్కకు లాగేసింది. "ఎందరెందరో కప్పుకున్న గుడ్డ నా మనవడి మీదా!" అని ఉన్నిదుప్పటి మళ్ళీ చుట్టబెట్టింది. ఊళ్ళోవాళ్ళందరూ తొడిగి విడిచిన కోట్లను అద్దెకిచ్చుకుని బతికే మనిషి అన్న మాటలవి! నర్సులకు వాసన రాకపోలేదు. అది ఆ పెద్దావిడ ఒంటి వాసన అనుకుని ఊరుకున్నారు.

"ఇంకోసారి రక్తం ఎక్కించాలి. కానీ ఈ పగలడం ఆగకపోతే ఎంత ఎక్కించీ లాభం లేదు. బాబు దక్కడు" అని చెప్పేసింది డాక్టరు.

కూతురు బయటికెళ్ళి మేనమామకు ఫోన్ చేసింది. అతను పనిలోంచి తిన్నగా, ఒంటి మీద సిమెంటు దుమ్ముతోనే వచ్చాడు. "నా రక్తం తీసుకోండి" అన్నాడు. బిడ్డ మంచం దగ్గరికి వెళ్ళబోయి ఠక్కున ఆగిపోయాడు.

"అక్కా, ఇక్కడ కొట్టు వాసనొస్తోంది."

"నా వాసన నీకెప్పుడు పడింది గనక?"

డాక్టరు అతన్ని కూర్చోబెట్టి, రక్తం ఇచ్చే ప్రతివాణ్ణీ అడిగేవే అడిగింది. ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా?

"కొట్లో ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి వచ్చేవండి. ఉండలు మార్చినప్పుడల్లా. కొట్టు వదిలేశాక మళ్ళీ రాలేదు."

"ఏం ఉండలు?"

"కలరా ఉండలు. బట్టల్లో పెట్టేవి."

డాక్టరు లేచి బిడ్డ మంచం దగ్గరికి వెళ్ళింది. ఉన్నిదుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, బిడ్డ మీంచి లాగి వరండాలోకి గిరవాటేసింది. మూడు తరాల దుప్పటి చెత్తబుట్ట పక్కన పడింది. నర్సు బిడ్డ ఒళ్ళంతా తుడిచి నూలుగుడ్డ కప్పింది.

"మనల్ని బతికించే ఆక్సిజనే లోపల కొంచెం కొంచెంగా కాలుస్తూ కూడా ఉంటుంది" అంది డాక్టరు, కోపం దిగమింగుకుని. "ఇనుముకి తుప్పు పట్టించేదీ అదే. ఆ మంటని ఆర్పే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంటుంది. మంట ఎక్కువై ఆర్పేది తక్కువైతే కణం దెబ్బతింటుంది. అందరిలోనూ అది మెల్లగా జరుగుతూనే ఉంటుంది. గుండెజబ్బుల్లో, షుగర్లో, ముసలితనంలో దాని పాత్ర ఉంది. ఎర్రకణాలైతే అస్తమానం ఆక్సిజన్నే మోస్తాయి కాబట్టి వాటికి ముప్పు ఎక్కువ. ఈ బాబుకి ఆ ఆర్పే ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉన్నట్టుంది, పరీక్షకి పంపుతాను. మామూలుగా అయితే హాయిగా బతికేస్తాడు. మీరు కలరా ఉండల ఆవిరిలో చుట్టబెట్టారు. అది లోపలికెళ్ళి మంటని ఎగదోసింది. కణాలు పగిలిపోయాయి."

"ఆ తక్కువ... వాళ్ళ నాన్న వైపుదేగా?" అంది మహారాణి. అప్పటికీ!

"కాదమ్మా. మగపిల్లలకి ఇది తల్లి నుంచే వస్తుంది. మీ అమ్మగారి నుంచి మీకూ మీ తమ్ముడికీ, మీ నుంచి మీ అమ్మాయికీ వచ్చి ఉంటుంది. ఆడవాళ్ళకి చాలామటుకు ఏమీ కాదు, మోసుకొచ్చి ఇస్తారంతే. మీ తమ్ముడి రక్తం పనికిరాదు. బాబు వాళ్ళ నాన్నది సరిపోయింది, అది తీసుకుంటాం."

గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఎరిగిన క్షణంలో దాని మొహం ఎలా ఉంటుందో ఆ వరండాలో ఉన్నవాళ్ళు చూశారు. గ్రీజు అల్లుడు చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. చేతులు కడుక్కోమని ఎవరూ అనలేదు.

"మా నాన్న నేర్పిన పద్ధతేగా..." అని నసిగింది.

"నన్నూ అదే దుప్పట్లో చుట్టారు అక్కా" అన్నాడు తమ్ముడు. అరవలేదు. "నువ్వు అనగా అనగా నేను బద్ధకస్తుణ్ణేనని నమ్మాను. అది పోగొట్టుకోడానికి పక్కవాడు ఒక బస్తా మోస్తే నేను రెండు మోశాను. ఇప్పటికీ అలాగే మోస్తున్నాను. నడుం పోయింది."

అతను జవాబు కోసం ఆగలేదు.

బిడ్డ తేరుకున్నాడు. పసుపు దిగింది, ఏడుపు గట్టిపడింది, పాలు తాగాడు. పరీక్ష కూడా డాక్టరు మాటే చెప్పింది. మనవణ్ణి ఎత్తుకుందామని అమ్మమ్మ గబగబా అల్లుడి ఇంటికి వెళ్తే, కూతురు తలుపు సగమే తెరిచింది.

"ఆ బట్టలతో లోపలికి రాకమ్మా."

"నేనేం..."

"రాకు."

కూతురు తలుపు వేసేసింది. మహారాణి ఇంటికెళ్ళి బీరువాలన్నీ తెరిచింది. సొంత బట్టలూ అద్దె బట్టలూ అన్నీ ఆ ఉండల మధ్యనే ఉండేవి. ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఏ వాసనా రాలేదు. ఆ ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. చేతికందినవి నాలుగు పట్టుకుని కింద టీ కొట్టతని దగ్గరికెళ్ళి, "వీటిలో దేనికి వాసన లేదో చెప్పు" అంది. అతను గ్లాసు కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"దగ్గరికి రానక్కర్లేదండీ. అన్నిటికీ ఉంది."

ఊరందరికీ బట్టలిచ్చే మనిషికి, మనవణ్ణి ఎత్తుకోవడానికి ఒక్క గుడ్డ లేదు. ఉతికింది. ఆరేసింది. మళ్ళీ టీ కొట్టతని దగ్గరికి తీసుకెళ్ళింది. అతను మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. కొత్తవి కొనుక్కోవచ్చు కదా అంటారా? కొని ఇంటికి తెస్తే అవీ ఆ ఇంటి గాలే పీలుస్తాయి. ఆ మాట చెప్పింది కూడా టీ కొట్టతనే.

చివరికి తమ్ముడి ఇంటికి నడిచింది. అంతకుముందు ఎన్నడూ తొక్కని గుమ్మం. అతను వాకిట్లో కూర్చుని తాపీ కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"అక్కడే ఆగు అక్కా. ఆ గాలి నాకు పడదు."

ఆగింది. జన్మలో మొదటిసారి ఎవరో ఆగమంటే ఆగింది.

"మీ ఆవిడ బట్టలు ఒక జత ఇప్పించరా. పిల్లాణ్ణి ఎత్తుకోవాలి" అంది. గొంతు ఆమెది కాదనిపించింది, ఎందుకంటే అందులో అడగడం ఉంది.

అతను లోపలికి కేకేశాడు. మరదలు తీగ మీంచి ఒక జత నూలుబట్టలు తీసి మడిచి తెచ్చింది. ఒక మోచేతి దగ్గర అతుకుంది. మహారాణి ఆ అతుకు చూసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగింది. బట్టలు ఒంటికి తగలకుండా, చాచిన చేతుల మీద పెట్టించుకుని వెనక్కి తిరిగింది.

"అద్దె అక్కర్లేదులే అక్కా" అన్నాడు తమ్ముడు తాపీ తుడుచుకుంటూ. "ఉతికి మాత్రం తెచ్చివ్వు."