అద్దం వెనక అత్త చీర

మా అత్త చీరను మ్యూజియంవాళ్లు తీసుకెళ్లారని తెలిసిన రోజే, అది ఇక తిరిగి రాదనుకున్నాను. సరిగ్గా నేను ఇంట్లో లేని సమయంలో వచ్చారు. చదువుకున్న ఒక అమ్మాయి, మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన. సూరత్ శివారు కోసాడ్‌లో మా క్వార్టర్ల మధ్య తిరుగుతూ, మీ ఊరి నుంచి తెచ్చుకున్న పాత వస్తువు ఏదైనా ఉందా అని అడుగుతున్నారట. సూరత్‌కు బతకడానికి వచ్చినవాళ్లు వెంట ఏం తెచ్చుకున్నారో చూపించే ప్రదర్శన పెడుతున్నారట. మా అత్త ట్రంకుపెట్టె తెరిచి, తన పెళ్లినాటి నేతచీర తీసి వాళ్ల చేతుల్లో పెట్టింది.

"ఎవలో ఏందో తెల్వకుండ ఎట్లిచ్చినవ్ అత్తమ్మా? మల్ల ఎప్పుడిస్తమన్నరు?" అని అడిగాను.

"చూద్దాం తియ్యి. దొంగలా ఏంది వాళ్లు?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

అనుమానం ముందు పుట్టి తర్వాత నేను పుట్టానని మా ఆయన అంటాడు. అననీ. నేను ఉండేది సూరత్‌లో. ఇక్కడ మార్కెట్లో పొద్దున కొత్త డిజైను చీర కనబడితే, చీకటి పడేలోగా దానికి అక్కచెల్లెళ్లు పుట్టుకొస్తాయి. మా ఆయన కార్ఖానాలో నేసేవీ, నేను ఇంట్లో కూర్చుని రాళ్లు అతికించేవీ ఎక్కువగా అలాంటి నకళ్లే. నకలు మీద బతికేదానికి అసలు మీద బెంగ ఉండదా?

ఈ చీర సంగతి మరీ వేరు. సిరిసిల్లలో అత్తవాళ్ల నాన్న కూతురి పెళ్లికని గుంటమగ్గం మీద తన చేత్తో నేసిన నూలు చీర అది. పసుపు రంగు, ఎర్రంచు. మాలో ఆడమనిషి కన్నుమూస్తే పుట్టింటి చీర కప్పి సాగనంపాలి. అత్త పుట్టింట్లో ఇప్పుడు దీపం పెట్టే దిక్కు కూడా లేదు. ఆమెకు మిగిలిన పుట్టిల్లు ఆ చీరే. పైగా ఎండాకాలం నుంచి ఆమెకు ఒంట్లో బాగుండటం లేదు. డాక్టరు మందులు మార్చడం మానేసి, ఇష్టమైనవి వండి పెట్టమన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఆ వేళకు చీర ఇంట్లో లేకపోతే నలుగురిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

ఒక ఆదివారం బస్సెక్కి మ్యూజియానికి వెళ్లాను. కింది అంతస్తులో సైన్సు, పిల్లలు బొత్తాలు నొక్కుతూ గోల చేస్తున్నారు. పైన ఎవరో గీసిన తాపీ నది బొమ్మలు పెట్టారు. నీళ్లు మరీ నీలంగా ఉన్నాయి, వాటినీ నేను నమ్మలేదు. చరిత్ర గదిలో ఒడియావాళ్ల ఇత్తడి చెంబు, మరాఠీవాళ్ల తిరగలి, కాఠియావాడ్ నుంచి వచ్చినవాళ్ల అద్దాల దుప్పటి. ఆ చివర అద్దం వెనక మా చీర.

మా చీరేనా? దీపాల కింద ధగధగలాడుతోంది. మా అత్త చీర ఎన్నడూ అలా మెరవలేదు. నూలుకు అంత మెరుపెక్కడిది? పొయ్యిలోంచి నిప్పురవ్వ పడి కాలిన చిల్లు ఒకటి కొంగు దగ్గర ఉండాలి, అదీ కనబడలేదు. అసలుది దాచుకుని పాలిస్టర్ నకలు పెట్టారని తేల్చేసుకున్నాను.

గుడ్డ మీద అనుమానం వస్తే మా సూరత్‌లో ఎవరూ వాదించుకోరు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీస్తారు. నూలైతే కాగితం వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి ముద్దవుతుంది. దుకాణంలో సేఠ్ ముందే చేస్తాం, ఆయనేమీ అనుకోడు. అదే ధీమాతో కాపలా ఆయన దగ్గరికి వెళ్లి, అద్దం కాస్త తెరువు, ఒక్క పోగు తీసి కాల్చి చూస్తానని హిందీలో అడిగాను. నమ్మకం కలగాలని సంచిలోంచి అగ్గిపెట్టె కూడా తీసి చూపించాను.

అతను ముందు అగ్గిపెట్టె లాక్కున్నాడు, తర్వాత సంచి. "జలానా హై?" అని, తగలబెట్టడానికే వచ్చానన్నట్టు గది అదిరేలా అరిచాడు. తిరగలి చూస్తున్నవాళ్లు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది, అయినా తగ్గలేదు.

"నా ఇంటి చీర నేను చూసుకుంటే నీకేంది నొప్పి?" అని తెలుగులోనే దులిపాను.

ఆ గొడవకు ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. చీర తీసుకెళ్లింది తనేనట. నేను ఫలానా వాళ్ల కోడలినని చెప్పాక తాళం తీసి, చేతులకు తొడుగులు వేసుకుని, కొంగు మడత విప్పింది. చిల్లు ఉంది. దాని చుట్టూ అత్త వేసిన వంకర కుట్లూ ఉన్నాయి. దీపం పక్కకు తిప్పితే మెరుపు కూడా పోయింది. చీర మాదే. మరి ఎప్పుడిస్తారని అడిగాను.

ఆ అమ్మాయి నావైపు వింతగా చూసింది. "మీ అత్తగారు దీన్ని మ్యూజియానికే ఇచ్చేశారు కదా. మళ్లీ ఇంటికి తేవొద్దని గట్టిగా చెప్పారు," అంది హిందీలో.

ముసలావిడ అమాయకురాలని కథ అల్లుతున్నారనుకున్నాను. ఇల్లు చేరేదాకా ఉడికిపోతూనే ఉన్నాను. అత్త మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది.

"అత్తమ్మా, చీర వాపస్ తేవద్దన్నవంట. వాళ్లు అబద్ధమాడుతున్నరు గదా?"

"వాళ్లెందుకాడుతరు? నేనే అన్న."

"గట్లెట్లంటవ్? రేపు ఏమన్నయితే నీ మీద ఏం కప్పాలె?"

అత్త గిన్నె కింద పెట్టింది. "గందుకే ఇచ్చిన. మా నాయిన నేసినయన్ని చినిగిపోయినయ్. గదొక్కటే మిగిలింది. దాన్ని నా మీద కప్పి మంటల ఏస్తరు. గంతటితోని మా నాయిన జాడ ఖతం."

"నాకొక మాట చెప్తే అయిపోతుండె గదా. వద్దంటే కాలుస్తనా?"

"కాలుస్తవ్. ఆచారమంటవ్, నలుగురేమంటరంటవ్. నువ్వు ఇంట్ల లేనిది చూసుకొనే వాళ్లను లోపటికి పిలిచిన."

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్లు ఆమెకు వేడిగా పెట్టాకే నేను తిన్నాను. లోకం మొత్తాన్ని అనుమానించాను గానీ, మంచం మీద ఉన్న ఈ మనిషి నన్నే అనుమానిస్తోందని ఎన్నడూ తోచలేదు. కాదని ఒట్టేద్దామంటే నోరు రాలేదు. చీర కోసం పరుగెత్తినప్పుడు నా మనసులో ఉన్నది ఆ నలుగురే.

"అయితే ఏం కప్పమంటవ్?" అని అడిగాను చివరికి.

"సూరత్ల చీరలకు కరువా?" అని నవ్వి, మళ్లీ గిన్నె అందుకుంది.

వానలు వెనకబట్టకముందే ఆమె వెళ్లిపోయింది. తాపీ ఒడ్డుకు తీసుకుపోయేముందు నేను కొన్న నూలు చీర కప్పాను. కాలనీ ఆడవాళ్లలో పెద్దావిడ వంగి చూసి, "పుట్టింటి చీరేది?" అని అడిగింది.

"మ్యూజియంల ఉన్నది. అత్తమ్మనే ఇచ్చింది," అన్నాను.

వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఒకామె మెల్లగా, "అమ్ముకున్నట్టున్నది," అంది.

వెనక్కి తిరిగి ఆమెను మాటలతో కడిగేద్దామనుకున్నాను. కానీ ఆమె చోట నేనుంటే అదే మాట ఇంకాస్త గట్టిగా అనేదాన్ని.