కొలంబో నుంచి వచ్చిన బొమ్మలు

మా చిన్నప్పుడు... మార్కాపురంలో మా ఇంటి వసారా నిండా పలకల దొంతరలే. పెద్దనాయనది పలకల వ్యాపారం. చట్రం బిగించిన పలకలను గడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది బండ్లకెత్తేవాళ్ళు. అప్పట్లో మాది మద్రాసు రాజధాని, కర్నూలు జిల్లా.

ఒక ఏడు పెద్దనాయన వ్యాపారం పని మీద కొలంబో పోతూ పెద్దమ్మనూ, కూతురు ఓబులమ్మనూ వెంట తీసుకుపోయాడు. ఓబులమ్మ వయసులో నాకంటే పెద్దది, చదువులో చిన్నది. ఏడో ఎక్కం దగ్గరే ఆగిపోయేది. బడిలో మొదటి మార్కు నాది... సముద్రం దాటింది అది!

"నన్నూ తీసుకపో" అని అడగలేకపోయాను. తల్లి లేని పిల్ల పేచీ పెడుతోందంటారని భయం.

తిరిగొచ్చాక ఓబులమ్మ ఓడ గురించి పెద్దగా చెప్పలేదు. ఒక రోజు ఖాళీ దొరికితే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి బొమ్మల మేడలు చూశారట. అదే మాట, అదే పాట.

"దేవుడున్నాడా ఆడ?" అంది అవ్వ.

"లేడవ్వా."

"అంగడా?"

"కాదు. గోడల నిండా రంగుల బొమ్మలు. ఊరికే చూసి రావాల."

"ఊరికే చూసేదానికి అంత దూరం పోయినారా!" అని అవ్వ బుగ్గలు నొక్కుకుంది.

పెద్దనాయన నవ్వుతూ, "ఇది నన్నేమడిగిందో తెలుసునా? పొద్దుగూకినాక ఈ బొమ్మలు ఎవరు తుడుస్తారు నాయనా అని!" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మాకు తెలిసిన బొమ్మలన్నీ పలక మీదివే, సాయంత్రానికి తుడిచేవే. నేనైనా అదే అడిగేదాన్ని... అడిగే అదృష్టం దానికి పట్టింది.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఓబులమ్మ దొంతరలోంచి ఒక పలక తీసి, అక్కడ చూసిన బొమ్మ ఒకటి బలపంతో గీసేది. పిల్లలంతా దాని చుట్టూ. అమ్మే పలక మీద గీత ఉండకూడదని అవ్వ చివర్లో తడిగుడ్డతో తుడిచేసేది. నేను మాత్రం గోడ వైపు తిరిగి లెక్కలు చేసుకునేదాన్ని.

"సావిత్రీ, నువ్వు చూడవామే?" అంది ఓబులమ్మ.

"నాకు లెక్కలున్నాయి."

"అవి యాడికి పోతాయి? వాటికేమన్నా కాళ్ళున్నాయా!"

పిల్లలు పకపకా నవ్వారు. నా చెవులు మాత్రం అటే...

ఒకనాడు గీస్తూ గీస్తూ, "ఈమె గడప మీద కూర్చొని పిల్లకు జడేస్తా ఉంది. అచ్చం మా పిన్నమ్మే. నాయన దీని ముందరే నిలబడిపోయినాడు" అంది.

పిన్నమ్మ అంటే మా అమ్మ. నాకు ఊహ తెలియకముందే పోయింది. ఫోటో లేదు. కొలంబో చూసింది అదే... పిల్లల్లో మా అమ్మ ముఖం గుర్తున్నదీ దానికే! ఒళ్ళు మండిపోయింది. నన్ను తన వైపు తిప్పుకోవడానికి ఎత్తు వేసిందనుకుని బిగదీసుకుని కూర్చున్నాను.

"అవునే... మా కోడలే" అంది అవ్వ.

తిరగడానికి నా మనసు ఒప్పుకునేసరికి, అవ్వ చేయి అలవాటుగా తుడిచేసింది. తడి పలక ఆరుతోంది.

"మళ్ళీ గీయక్కా" అన్నాను. దాన్ని అక్కా అని పిలవడం అదే మొదలు. గీసింది. "ఇట్ల కాదు" అని తనే తుడిచింది. మళ్ళీ గీసింది, మళ్ళీ తుడిచింది. "రాలేదే..." అని ఏడ్చింది.

కొన్నేళ్ళ కిందట మనవరాలు నన్ను విదేశం తీసుకుపోయి ఒక రోజంతా మ్యూజియాలు చూపించింది. పిల్లకు జడ వేసే ఆడమనిషి ఏ పటంలో కనబడినా ఆగిపోయాను. "ఎవరి కోసం వెతుకుతున్నావవ్వా?" అంది. ఈమేనని గుర్తుపట్టి చెప్పడానికి ఓబులమ్మక్క లేదు.

ఇప్పటి పిల్లలకు వాళ్ళమ్మ ఫోటోలు ఫోన్ నిండా. చూడకుండానే వేలితో తోసేస్తారు. ఉన్నమాట చెబుతున్నా, వాళ్ళను చూస్తే నాకు కుళ్ళు.

మీ ఇంట్లోనూ ఫోటో లేకుండా పోయినవాళ్ళుంటే, ఆ ముఖం ఎరిగినవాళ్ళను ఈరోజే అడగండి. ఎట్లా ఉండేవాళ్ళో ఇక్కడ రాయండి... ప్రతి ఒక్కటీ చదువుతాను.