నాలుగు ఊళ్ళలో దిగిన మావగారు

నాలుగు లాడ్జీల కంప్యూటర్లనీ ఒక్కటి చేసే పనిలో ఉండగా మా మావగారు నాలుగు ఊళ్ళలోనూ పట్టుబడ్డారు.

ముందు ఆయన గురించి చెప్పాలి. విజయనగరంలో వయొలిన్ మాస్టారు. ఏ ఊళ్ళో కచేరీ అయినా, మంగళం అయిన వెంటనే పెట్టె సర్దుకుని ఆఖరి బస్సు పట్టుకుని ఇంటికి వచ్చేసే మనిషి. పరాయి పక్క మీద నిద్ర పట్టదంటారు. పట్టినా ఒప్పుకోరు. పొరుగూరు వెళ్తే ఇంటి నీళ్ళు ఇత్తడి మరచెంబులో పోసుకుని, మూత బిగించుకుని వెళ్తారు. పెళ్ళిళ్ళలో ఆయన విస్తరి పక్కన ఎవరైనా నీళ్ళ సీసా పెడితే, ఒక్క వేలితో దాన్ని పక్కవాడి వైపు జరుపుతారు. అలాంటి మనిషి, నా తెర మీద కనిపించినదాని ప్రకారం, ఎనిమిదేళ్ళుగా రోజూ ఉదయం విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ కొత్తవలసలోనూ సాలూరులోనూ ఒకేసారి లాడ్జీలో దిగుతున్నారు. సాయంత్రానికి ఖాళీ చేస్తున్నారు. అదీ ఉచితంగా. ఆయన్ని అలా దింపినవాణ్ణి నేనే.

నేను ఒక షావుకారు దగ్గర కంప్యూటర్ల పని చూస్తాను. ఆయనకి ఆ నాలుగు ఊళ్ళలోనూ లాడ్జీలున్నాయి, కింద హోటళ్ళున్నాయి. ఒక్కో లాడ్జీకి ఒక్కో కంప్యూటరు, ఒక్కోదానికి ఒక్కో జబ్బు. కొత్తవలసది గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. శ్రీకాకుళం దానిలో బల్లి కాపురం ఉండేది. ఒకరోజు షావుకారు ఎవరో పెళ్ళివారికి గదులు కావాలని నాలుగు చోట్లకీ ఫోన్ చేశారు. అన్నిచోట్లా ఖాళీ లేదన్నారు. మర్నాడు వెళ్ళి చూస్తే అన్నిచోట్లా ఖాళీలే.

"నాలుగు సోట్లా నాలుగు మిషన్లు, నాలుగు అబద్దాలు," అన్నారాయన నన్ను పిలిచి. "నాకు ఒక్క అబద్దం సాలు. అది కూడా నా కల్ల ముందుండాల."

అలా మొదలైంది పని. ప్రోగ్రాములన్నీ విజయనగరంలో ఒక పెద్ద మెషీన్లో నడవాలి. లాడ్జీల్లో తెర, కీబోర్డు, చేతిలో పట్టేంత డబ్బా మాత్రమే ఉండాలి. ఎక్కడివాడు ఏం నొక్కినా పని ఇక్కడ జరగాలి. ఆ పెద్ద మెషీన్‌కి షావుకారు వంటింటి పక్కనున్న బియ్యం గది ఇచ్చారు. ఏసీ పెట్టించాం. ఏసీ పెట్టిన రెండో రోజుకే వంటమనిషి పెరుగు పులవకుండా బక్కెట్లన్నీ తెచ్చి అందులో పెట్టేశాడు. నేను గొడవ పెట్టుకున్నాను. "నీ మిషనుకైతే సల్లగుండాల, నా పెరుక్కి అక్కర్నేదేటి?" అన్నాడు. బక్కెట్లు మెషీన్‌కి రెండడుగుల దూరంలో ఉండేట్టు రాజీ పడ్డాం.

గురువారం మధ్యాహ్నం ఆ గదిలోనే, పెరుగు బక్కెట్ల మధ్య కూర్చుని, నాలుగు లాడ్జీల్లో దిగినవాళ్ళ జాబితాలు కలుపుతున్నాను. ఒకే మనిషి రెండుసార్లు ఉంటే చూపించమని మెషీన్‌ని అడిగాను. అది నా ముందు ఒక్క పేరు పెట్టింది. ఎనిమిదేళ్ళు, నాలుగు ఊళ్ళు, ఒక్కరోజు తప్పకుండా. అది మావగారిది.

ఎనిమిదేళ్ళ కిందట ఆ కంప్యూటర్లు పెట్టించింది నేనే. అప్పటికి ఆయన నాకు మావగారు కాదు. వాళ్ళమ్మాయిని ఇస్తారా అని మావాళ్ళు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ "చూద్దాం" అన్నారు. నా బుర్రలో రాత్రీ పగలూ ఆయనే ఉండేవారు. కౌంటర్లో వాళ్ళకి పని నేర్పడానికి ఒక ఉత్తుత్తి మనిషి పేరు కావాల్సొస్తే, వేళ్ళు ఆయన పేరే కొట్టాయి. ఇంటి గడప ఎక్కనివ్వని మనిషిని లాడ్జీలో దింపుకోవడంలో నాకు ఎంత హాయి అనిపించిందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది. "పొద్దున్నే మెషీన్ పెట్టగానే ముందు ఈ పేరు కొట్టండి. మూడో గది. ఉచితం అన్నచోట టిక్కు పెట్టండి. చీటీ వస్తే మెషీన్ బాగున్నట్టే. సాయంత్రం ఖాళీ చేయించండి," అని చెప్పాను. వారంపాటు చేస్తే చెయ్యి తిరుగుతుందని నా ఉద్దేశం. ఆ వారం మాట చెప్పడం మరిచిపోయాను.

వాళ్ళకి అది బోణీ అయిపోయింది. ఆ పేరు పడందే ఏ లాడ్జీలోనూ కౌంటర్ తెరవడం లేదు.

జాబితాలోంచి ఆయన్ని తీసేద్దామని చెయ్యి పెట్టేసరికి వెనక షావుకారు నిలబడి ఉన్నారు.

"ఎవుడయ్యా ఈడు, నా నాలుగు లాడ్జీల్లోనూ ఊరికే ఉంతన్నాడు?" అన్నారు. కళ్ళజోడు సర్దుకుని అన్నీ చదివారు. చదివాక గొంతు మారింది. "మిగతా మూడు సోట్లా గది దండగని సీపురు కట్టల గదికి మార్సీసినారు. సాలూర్లో మాత్రం మూడో నంబరు, మంచి గది. పైగా రోజూ దుప్పటి ఉతుక్కి ఎల్తన్నాది. ఎవుడూ పడుకోకపోతే దుప్పటెందుకు మారతాది? అక్కడి కౌంటర్లో పెద్దోడు నా గదిని సొంతానికి తిప్పుకుంతన్నాడు. సోమారం కొత్త మిషను పెడతావు కదా, నానూ వస్తాను. మిషనూ మారుద్దాం, మనిషినీ మారుద్దాం."

ఒక్క మాట అంటే అక్కడితో ఆగిపోయేది. ఉద్యోగం గుర్తొచ్చింది, మావగారు గుర్తొచ్చారు. తల ఊపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు కోపం వస్తుంది.

శనివారం కొత్త తెర బిగించడానికి సాలూరు వెళ్ళాను. కౌంటర్లో కూర్చునే పెద్దాయన ఇరవై ఏళ్ళు ఘాటీ మీద, ఆ కొండదారి మలుపుల్లో, లారీ నడిపిన మనిషి. చూపు తగ్గాక స్టీరింగు వదిలి కంప్యూటర్ పట్టుకున్నాడు. లారీలకి పేరుపడ్డ ఆ ఊళ్ళో అందరూ లారీలు కొంటుంటే, ఈయన లారీవాళ్ళకి పక్కలు వేస్తున్నాడు. నేను బాబాయ్ అంటాను. కొత్త పద్ధతి చెప్తే ఓపిగ్గా విన్నాడు.

"అయితే స్టీరింగు సాలూర్లో, ఇంజను ఇజీనారంలోనా?"

"అంతే బాబాయ్."

"మరి బ్రేకు?"

మాట మార్చి, పాత కంప్యూటర్ మీద అంటించిన అట్టముక్క చూశాను. ఎనిమిదేళ్ళ కిందట నేను చెప్పినవి పెద్ద పెద్ద అక్షరాలతో వరసగా రాసుకున్నాడు. మావగారి పేరు, చివర మాస్టారుతో సహా, ఎర్ర సిరాతో ఉంది.

"మూడో గది ఒకసారి చూపించు," అన్నాను.

తలుపు తీశాడు. ఉతికిన దుప్పటి, మడత నలగలేదు. బల్ల మీద కొత్త సబ్బు. పక్కన స్టీలు జగ్గు నిండా నీళ్ళు, మీద బోర్లించిన గ్లాసు.

"ఎవరికి బాబాయ్ ఇదంతా?"

"మాస్టారికి. నువ్వే రాయమన్నావు కాదేటి?"

"ఆయన ఎప్పుడైనా వచ్చారా?"

"రానేదు. వస్తాడో రాడో ఆయనిష్టం. పేరు రాసినాక నీల్లెట్టకపోతే ఎలగ? ఘాటీ దిగొచ్చిన డ్రైవర్లు ఈ గది ఇమ్మని నా మీద పడతారు. ఇవ్వను. మాస్టారి గదిరా, పక్కదానికి పొండని సెప్తాను."

"ఎనిమిదేళ్ళు! ఒక్కసారైనా నన్ను అడగాల్సింది కదా."

"నువ్వు సెయ్యమన్నావు. ఆపమని సెప్పనేదు," అన్నాడు తలుపు దగ్గరికి వేస్తూ. "ఇంతకీ సోమారం షావుకారు వస్తన్నాడటగా? నా పని సూడ్డానికేనా?"

అవునన్నాను. సంబరపడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకుంటానన్నాడు. బస్సులో విజయనగరం దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం వంటింట్లో మా ఆవిడకి చెప్పాను. ఆమె చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మా నాన్నని సాలూరు లాడ్జీలో పెట్టేరా?"

"సాలూరులోనే కాదు," అన్నాను.

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఆ కాఫీ మావగారిదే. ఆయన బయట ముద్ద ముట్టరు గానీ, ఆదివారాలు కూతురింట కాఫీ మాత్రం పుచ్చుకుంటారు. ముందుగదిలోంచి అంతా విన్నారు. కచేరీలో తాళం తప్పిన మృదంగంవాణ్ణి చూసినట్టు నన్ను చూశారు. తిడతారనుకున్నాను.

"ఎవరి ఉద్యోగం పోతుందన్నావ్?"

చెప్పాను. జగ్గు సంగతి, దుప్పటి సంగతి కూడా చెప్పాను. కాఫీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టారు.

"సాలూరుకి తొలి బస్సు ఎన్నింటికి? నేనూ వస్తాను, ఆ పేరున్న మనిషిని చూపించడానికి. నోరు విప్పాల్సింది మాత్రం నువ్వే."

సోమవారం ఎనిమిదికి నాలుగు లాడ్జీల్లోనూ కొత్త పద్ధతి మొదలవ్వాలి. సాలూరు కౌంటర్ ఎదుట బల్ల మీద మావగారు ఒళ్ళో మరచెంబు పెట్టుకుని కూర్చున్నారు. పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. షావుకారు కారు దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను ఎనిమిదికి సరిగ్గా ప్రోగ్రాం తెరిచాను. బోణీ మానమని ఈసారి కూడా నేను ఎవరికీ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, అట్టముక్క చూసుకుంటూ, షావుకారి కళ్ళ ముందే, ఒక్క వేలితో మావగారి పేరు కొట్టాడు.

తెర ఎర్రగా అయింది. ఈ మనిషి ఇప్పటికే విజయనగరంలో దిగి ఉన్నారు, ఒకే మనిషి రెండు చోట్ల దిగడం కుదరదు అని వచ్చింది. అది నేను గొప్పగా చెప్పుకుని పెట్టిన నిబంధన. అంతలో నా ఫోన్ మోగింది. కొత్తవలసలో బోణీ పడటం లేదట, రైలు దిగిన జనం బయటే నిలబడ్డారట. అది పెట్టేలోపు శ్రీకాకుళం.

"అదిగో!" షావుకారు గొంతు వీధిలోకి వినిపించింది. "నా కల్ల ముందే రాస్తన్నాడు! ఎవుడు ఆడు? ఎక్కడున్నాడు?"

పెద్దాయన తను ఏం తప్పు నొక్కాడా అని కీబోర్డు వైపే చూస్తున్నాడు. మావగారు లేచి నిలబడ్డారు. షావుకారిని చూడలేదు, నన్నే చూశారు.

"ఆ పేరు పెట్టింది నేనండి," అన్నాను. "పని నేర్పడానికి పెట్టాను. ఆపమని చెప్పడం మరిచిపోయాను. బాబాయ్ గదిని ఎవరికీ ఇవ్వలేదు. నేను చెప్పింది చెప్పినట్టు ఎనిమిదేళ్ళు చేశాడు. గురువారమే మీకు చెప్పాల్సింది. భయపడ్డాను."

"ఆ పేరు నాది," అన్నారు మావగారు. "నేను ఏ ఊళ్ళోనూ, ఏ లాడ్జీలోనూ దిగినవాణ్ణి కాదు. కావాలంటే ఆధార్ తెచ్చాను."

షావుకారు ఏదో అనేలోపు పెద్దాయన కౌంటర్ చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చేశాడు. తన ఉద్యోగం పోబోయిందని గ్రహించాడో లేదో నాకు తెలియదు. రెండు చేతులూ జోడించాడు.

"మాస్టారా! వచ్చినారా బాబూ!"

షావుకారు మెట్లెక్కి మూడో గదికి వెళ్ళారు. చాలాసేపటికి దిగారు.

"సబ్బు కూడా కొత్తదే ఉన్నాది," అన్నారు నాతో. "ఎవుడూ రాని గదికి ఇన్నేల్లు దుప్పటి మార్సినోడ్ని తీసేసి, జనం వచ్చే గదులకి ఎవుడ్ని తెమ్మంటావయ్యా?" కారెక్కబోతూ వెనక్కి తిరిగారు. "నీ సంగతి ఇజీనారంలో సూస్తాను."

చూశారు కూడా. అది వేరే కథ, అందులో నా గౌరవం ఏమీ లేదు.

మావగారు వెనక్కి వెళ్ళే బస్సుకి ఇంకా టైముంది. పెద్దాయన వదల్లేదు. గది సిద్ధంగా ఉంది, పైకి రండి అని పట్టుబట్టాడు. అయితే పేరు రాయాలిగా, రాయకుండా గదిలోకి ఎలా పంపుతాం అన్నాడు. నేను విజయనగరం ఫోన్ చేసి మావగారిని అక్కడ ఖాళీ చేయించమన్నాను. "బోణీ మనిషిని తోలేత్తే రోజంతా ఈగలు తోలుకోవడమే," అని అవతలివాడు కాసేపు మొండికేసి, చివరికి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత సాలూరులో ఆ పేరు పడింది. చీటీ వచ్చింది.

గదిలో మావగారు మంచం అంచున కూర్చున్నారు. పెద్దాయన జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి రెండు చేతులతో ఇచ్చాడు. నేను మరచెంబు అందించాను. ఆయన ఒక్క వేలితో దాన్ని నా వైపుకి జరిపారు. గ్లాసు అందుకుని నీళ్ళన్నీ తాగారు.

"కాసేపు నడుం వాలుస్తాను," అన్నారు.

కింద లారీలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. ఆయన మధ్యాహ్నం దాకా లేవలేదు. లేచాక, పడుకోలేదు, ఊరికే కళ్ళు మూసుకున్నానని చెప్పారు. గురక నేనూ పెద్దాయనా ఇద్దరం విన్నాం.

బయల్దేరే ముందు, ఎనిమిదేళ్ళుగా బాకీ పడ్డ మాట పెద్దాయనకి చెప్పాను. "రేపటినుంచి ఆ పేరు కొట్టక్కర్లేదు బాబాయ్."

అట్టముక్క ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

"మరి నీల్లు?" అన్నాడు.

ఇప్పుడు మూడో గదిలో ఘాటీ దిగొచ్చిన డ్రైవర్లు పడుకుంటున్నారు. నేను విజయనగరంలో పెరుగు బక్కెట్ల పక్కన కూర్చుని నాలుగు ఊళ్ళ గదులూ ఒక్క తెర మీద చూస్తాను. గది శుభ్రం చేసి నీళ్ళు పెట్టాక కౌంటర్లోవాళ్ళు ఒక మీట నొక్కుతారు, ఆ గది నాకు పచ్చగా మారుతుంది. ఉదయం నేను వచ్చేసరికి అన్నీ ఎర్రగానే ఉంటాయి. సాలూరు మూడో నంబరు ఒక్కటే అప్పటికే పచ్చగా ఉంటుంది.