ఎనిమిదో షరతు

పలాస-టెక్కలి బస్సులో డ్రైవరు వెనక సీటు లెక్కల లెక్చరర్ ఉమామహేష్‌ది. ఒళ్లో నోటుబుక్కు, చెవిమీద పెన్సిలు, పెదాల మీద గొణుగుడు. మాడ్యూళ్లనే బీజగణిత వస్తువుల్లో ఒక ప్రత్యేక తరగతిని, అంటే కొన్ని షరతులకు లోబడేవాటి గుంపుని, పీహెచ్‌డీ కోసం తొమ్మిదేళ్లుగా సాకుతున్నాడు. వాటి గురించి తను కట్టిన సిద్ధాంతం ఎక్కడ బెడిసికొట్టినా కంగారుపడడు. ఆ తరగతికి ఇంకో షరతు తగిలిస్తాడు. ఏడో షరతుతో సిద్ధాంతం నిలబడింది. సోమవారం కాలేజీకొచ్చే గైడుకు థీసిస్ ఇచ్చేయడమే మిగిలింది. ఆదివారం పొద్దున్నే, చేటలో జీడిపప్పు ఏరుతున్న భార్య మాధవీలతకి అదంతా వివరించాడు. నిండు పప్పులైన గుండ్లూ, విరిగిన బద్దలూ వేరుచేస్తూనే ఆమె అంది: "ఏడుసార్లు జల్లెడ పట్టేరు, బాగుంది. ఆఖర్న మిగిలిన పిక్క ఒకటి సూపించండి మరి."

"సూపిత్తాను, దానికేటి!" అని కూర్చున్నాడు. సాయంత్రానికి తనకు తెలిసిన మాడ్యూళ్లన్నీ ఏదో ఒక షరతు దగ్గర రాలిపోయాయి. సున్నా తప్ప ఇంకేమీ లేని సున్నా మాడ్యూలు తప్ప మరేదీ నిలవదని తనే రుజువు చేసుకున్నాడు.

"ఏటి దొరికింది?"

"సున్నా."

"సున్నా కోసమేటండీ, తొమ్మిదేళ్లు?"

మర్నాడు బస్సు కాశీబుగ్గ దాటేలోగా అతను పెన్సిలు తీసి, థీసిస్‌లో ఎనిమిదో షరతు రాశాడు: సున్నా కాకూడదు. ఇప్పుడా తరగతిలో ఏమీ లేదు. సిద్ధాంతాన్ని తప్పని చూపించగలిగేదీ ఏమీ లేదు.