బొట్టు కనవడ్తుందా, అల్లుడా?

మా మేనత్త పోయిన శుక్రవారం పుప్పాలగూడలో మా పాత ఇంట్లోనే చనిపోయింది. తమ్ముడు ఫోన్‌లో చెప్పగానే నా చెయ్యి ఎందుకో ఎడమ కంటి మీదికి వెళ్లింది. ఆ కంటి సంగతి చెప్పకుండా అత్త గురించి చెప్పలేను. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది.

అరవై తొమ్మిదిలో నాకు నాలుగేళ్లు. అమ్మానాన్నలు పొద్దంతా పొలంలో ఉంటే, అప్పటికింకా పెళ్లికాని అత్తే నన్ను సాకింది. తుమ్మముల్లు గీరుకుని రెప్ప చిట్లితే పట్నం దవాఖానలో మందు వేసి, కట్టు కట్టి, వారానికి మళ్లీ రమ్మన్నారు. ఇంతలో తెలంగాణ ఉద్యమం ముదిరి బస్సులు బందయ్యాయి. కట్టు తీసేస్తే కన్నుకేమవుతుందోనని అత్తకు భయం. పాత చీర చింపి, ఉడకబెట్టి ఆరేసి, రోజూ కొత్త కట్టు కట్టేది. అలా నెలలు గడిచాయి.

చివరికి పట్నం వెళితే డాక్టరుగారు కట్టు విప్పి చాలాసేపు చూశారు.

“కన్ను బాగానే ఉందమ్మా. చూపు నేర్చుకోవాల్సింది మెదడండి. ఈ వయసులో చూస్తూ ఉంటేనే కంటికీ మెదడుకీ దారి పడుతుంది. ఇన్నాళ్లూ ఇటునుంచి ఏమీ అందలేదు కదా, ఆ చోటు కూడా రెండో కన్ను ఆక్రమించేసింది.”

“కట్టి ఉంచితే నిమ్మళంగ మానుతదనుకున్న సారూ,” అంది అత్త.

ఎడమ కన్ను చూడ్డం నేర్చుకోవాలని, డాక్టరుగారు చెప్పినట్టే ఇక మంచి కంటికి కట్టు. రోజూ నన్ను వాకిట్లో నిలబెట్టి, తను గోడ దాకా వెళ్లి అడిగేది: “బొట్టు కనవడ్తుందా, అల్లుడా?”

“లేదత్తా.”

ఒక అడుగు ముందుకేసేది. “గిప్పుడు?”

కనబడేదాకా వచ్చేది. కొన్నేళ్లకు చూపు కొంత వచ్చింది, అక్కడే ఆగింది.

పెళ్లిళ్లలో ఎవరైనా “పిలగాని కన్నుకేమైంది?” అంటే, అమ్మ నోరు తెరిచేలోపే “నేనే జేసిన” అనేది అత్త, తల వంచుకుని. నన్ను పెంచిన మనిషి నా ముందు అలా నిలబడితే నాకు తల కొట్టేసినట్టుండేది. నేనూ నేల చూపులు చూసేవాణ్ణి. అంత ప్రేమగా సాకినందుకు బతుకంతా తల వంచుకుంది. ఇది రాస్తుంటే కూడా నాకు ముఖం చెల్లడం లేదు.

చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిన ఆ పాత వాకిట్లోనే అత్తను పడుకోబెట్టారు. నుదుట పెద్ద బొట్టు పెట్టారు. గోడ దగ్గర నిలబడి కుడి కన్ను అరచేత్తో మూసుకున్నాను. ఏడుస్తున్నాననుకుని ఎవరో భుజం పట్టుకున్నారు. ఎడమ కంటికి పసుపుపచ్చ చీర మసగ్గా తెలిసింది. బొట్టు కనబడలేదు.

ముందుకు రావడానికి అత్త లేదు. నేనే ఒక అడుగు వేశాను. ఇంకొకటి వేశాను. అందరూ చూస్తుండగానే, ఆ ఎరుపు కనబడేదాకా నడిచాను.